క్వాంటమ్ వార్తల్లో అంకెలూ ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

2025 జూన్‌లో ఐఐటీ ఢిల్లీ, డీఆర్‌డీఓ కలిసి ఎంటాంగిల్డ్ ఫోటాన్లతో (ఒకదానితో ఒకటి ముడిపడిన వెలుగు కణాల జంటలతో) కిలోమీటరుకు పైగా గాలిలో క్వాంటమ్ కీ పంపిణీ చేసి చూపాయి; అంటే సందేశాలకు తాళంగా వాడే 0, 1 బిట్ల రహస్య వరుసను (కీని) ఇద్దరికి అందించడం. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి: ఒక ఫోటాన్‌ను కొలిస్తే రెండోదానికి తక్షణం సమాచారం చేరుతుందని, కనుక దీన్ని ఎవరూ హ్యాక్ చేయలేరని. మొదటిది తప్పు. రెండోది షరతులున్న మాట.

సమాచారం ఏదీ చేరదు. రెండు చోట్లా కొలత ఫలితాలుగా 0, 1 సగం సగంగా, ఏ వరుసా లేకుండా వస్తాయి. అవతల ఏ కోణంలో కొలిచినా ఇవతలి లెక్క మారదు. రెండు వైపుల ఫలితాల మధ్య పొంతన బయటపడేది ఇద్దరూ మామూలు లైన్‌లో కోణాలు చెప్పుకున్నాకే. ఆ లైన్‌లో మాట్లాడేది అసలు మనిషేనని తేల్చుకోవడానికి ముందే పంచుకున్న చిన్న రహస్య కీ కావాలి. అది లేకపోతే మధ్యలో దూరినవాడు ఇద్దరితోనూ విడివిడిగా కీలు తయారుచేసుకుంటాడు.

1991లో ఆర్తుర్ ఎకర్ట్ చెప్పిన పద్ధతిలో కాపలా కాసేది బెల్ పరీక్ష, అంటే రెండు వైపుల పొంతన నిజంగా ఎంటాంగిల్‌మెంట్ వల్లే వచ్చిందా అని తేల్చే లెక్క. దాని విలువ ఎస్ సాధారణ భౌతికశాస్త్రంలో 2 దాటదు, క్వాంటమ్‌లో 2.83 దాకా వెళ్తుంది. అయితే 2 దాటితే చాలుననుకోవడం తొందరపాటు. ఫోటాన్ జంటల పొంతన నాణ్యత 75 శాతం, మిగతాదంతా రొద అనుకుందాం. ఎస్ 2.12 వస్తుంది, పరీక్ష నెగ్గినట్టే. కానీ కీలో తప్పుల (ఇద్దరి బిట్లు కలవని చోట్ల) శాతం 12.5. తప్పులు దిద్ది, దొంగచాటుగా వినేవాడికి తెలిసి ఉండగలిగినదాన్ని తీసేసే మామూలు వడపోత పద్ధతిలో 11 శాతం దాటితే రహస్యంగా మిగిలే బిట్లు సున్నా. పరికరాలనే నమ్మకుండా భద్రత కావాలంటే ఆ హద్దు 7.1 శాతానికి దిగుతుంది.

తప్పులన్నీ దొంగ వల్లే రావు. రెండు వైపులా డిటెక్టర్లలో (ఫోటాన్లను పట్టే పరికరాల్లో) సెకనుకు లక్ష చొప్పున క్లిక్‌లు, జత కలిపే కాల వ్యవధి 2 నానోసెకన్లు అయితే, కాకతాళీయంగా కలిసే జతలు సెకనుకు 20. అసలు జతలు 500 ఉంటే వీటి వల్ల తప్పులు దాదాపు 2 శాతం. వ్యవధిని 10 నానోసెకన్లు చేస్తే 8 శాతం దాటుతాయి. ఫోటాన్ జంటలను పుట్టించే లేజర్ శక్తి రెట్టింపు చేస్తే అసలు జతలు రెండింతలు, కాకతాళీయాలు నాలుగింతలు! వేగం కోసం లేజర్ పెంచి కీ పోగొట్టుకోవడం ఇలాగే.

ఇక డిటెక్టర్లు. వచ్చిన ఫోటాన్లలో చాలావాటిని అవి పట్టుకోలేకపోతే, పట్టినవాటి లెక్కను అన్నింటికీ వర్తింపజేయాల్సి వస్తుంది. మోసానికి సందు అక్కడే. 2011లో ఒక బృందం బలమైన వెలుగుతో డిటెక్టర్లను తన అదుపులో పెట్టుకుని, ఎంటాంగిల్‌మెంట్ లేకుండానే బెల్ పరీక్ష నెగ్గినట్టు చూపించింది.

ఇంత చెప్పినా ఈ పద్ధతికి నిజమైన మేలొకటి ఉంది, వార్తల్లో అది అంతగా కనిపించదు: ఫోటాన్ జంటలను పంపే పెట్టెను నమ్మనక్కర్లేదు. 2020లో ఫలితాలు వెలువడిన చైనా మిసియస్ ఉపగ్రహ ప్రయోగంలో 1,120 కిలోమీటర్ల దూరాన ఉన్న రెండు కేంద్రాలకు కీ అందింది, ఆ ఉపగ్రహం శత్రువుదైనా కీ రహస్యమే. తప్పులు 4.5 శాతం, వేగం సెకనుకు 0.12 బిట్. అంటే 256 బిట్ల కీ ఒక్కటి రావడానికి 35 నిమిషాలకు పైగా.

ఐఐటీ ఢిల్లీ ప్రయోగానికి ప్రకటించిన అంకెలు తప్పులు 7 శాతం లోపు, వేగం సెకనుకు దాదాపు 240 బిట్లు. ఇకపై క్వాంటమ్ వార్తలు వేసేటప్పుడు దూరంతో పాటు తప్పుల శాతం, కీ వేగం, డిటెక్టర్ల సామర్థ్యం కూడా అడిగి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్