రహస్య పత్రాల విభాగం అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలికే గానీ, వచ్చిన లబ్ధాన్ని తిరిగి ఆ సంఖ్యలుగా విడదీయడం మహా కష్టమన్న సూత్రంపై 1973లో బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో గణితవేత్త క్లిఫర్డ్ కాక్స్ సందేశాలను రహస్యంగా పంపే ఒక సంకేత పద్ధతిని కనిపెట్టగా, ఆ సంస్థ దాన్ని గుట్టుగా దాచేసింది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు సొంతంగా అదే పద్ధతిని కనుగొని లోకానికి చెప్పినా, కాక్స్ కృషి 1997 దాకా వెలుగు చూడలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇలాంటి పత్రాలు అడిగిన వారికి పేజీ అంకె తప్ప ప్రతి వరుసా నల్ల సిరాతో కొట్టేసిన కాగితం ఇవ్వడం జవాబు కాదు. సిబ్బంది పేర్లు దాచండి, అభ్యంతరం లేదు. సైన్సును దాచినప్పుడు మాత్రం కారణాన్నీ, మళ్లీ పరిశీలించే తేదీనీ ఆ కాగితం మీదే రాయించండి.

ఇట్లు,
ఒక పౌరుడు