మా నాయన కెమెరా అద్దం రిపేరుకి మీరు తీసుకున్న 3,100 గురించి ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్తే సార్. తిరుపతి నుంచి రాస్తా ఉండా. మార్చిలో చెన్నైలో ఉండే మీ సెంటర్‌కి కొరియర్‌లో పంపించిన పెంటాక్స్ కె1000 ఫిలిం కెమెరా సంగతి ఇది. రెండుసార్లు ఫోన్ చేస్తే టెక్నీషియన్‌ని అడిగి చెప్తామన్నారు, ఇంతవరకు ఎవరూ చెప్పలా, అందుకే రాసి పంపిస్తా ఉండా.

అది మా నాయన కెమెరా. గాంధీ రోడ్డులో స్టూడియో ఉన్నన్ని రోజులూ పెళ్ళిళ్ళు, గంగజాతర వేషాలు అన్నీ దాంతోనే తీసినాడు. దానికొచ్చిన జబ్బు ఒకటే, లెన్స్ వెనక ఉండి వ్యూఫైండర్‌లోకి (కన్ను పెట్టి చూసే కిటికీ) బొమ్మ చూపించే అద్దం, క్లిక్ కొడితే పైకి పోయి కిందికి దిగకుండా అక్కడే అతుక్కునేది. ఫొటో పడతాది, కానీ వ్యూఫైండర్‌లో అంతా చీకటి, లెన్స్ తీసి వేలితో అంచు తాకితే టప్‌మని కిందికి దిగేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండేది, మధ్యాహ్నం ఎండకి మాత్రం తప్పకుండా అతుక్కునేది. ఇదంతా ఒక పేపర్ మీద రాసి డబ్బాలోనే పెట్టినా, ఎవరైనా చదివినారో లేదో.

మీ బిల్లు చూస్తే అద్దం స్ప్రింగ్ మార్చినందుకు 2,200, సర్క్యూట్ చెకింగ్‌కి 600, కొరియర్ 300. సర్క్యూట్ ఎక్కడిది సార్? కె1000లో బ్యాటరీ వెలుగు కొలిచే లైట్ మీటర్‌కి మాత్రమే, బ్యాటరీ తీసేసినా షట్టర్ కొడతాది, అద్దం లేస్తాది. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉండే కెమెరాల్లో కెపాసిటర్ అనే కరెంటు పార్ట్ పోయి అద్దం ఆగిపోతాది, అది నిజమే, కానీ ఇది ఆ జాతి కాదు.

ఇంక స్ప్రింగ్ కథ. అడుగు ప్లేటు స్క్రూల మీద నాయన ఎప్పుడో అంటించిన స్టూడియో స్టిక్కర్ చిరగకుండా అట్లే ఉంది. ప్లేటు విప్పకుండా లోపలి స్ప్రింగ్ ఎట్లా మార్చినారో నాకైతే తెలీదు, మంత్రం ఏమన్నా ఉంటే చెప్పండి, మేమూ నేర్చుకుంటాం.

మే నెలలో గంగజాతర. బైరాగి వేషాలు తీద్దామని కొత్త రోల్ వేసుకుని పోతే మూడో క్లిక్‌కే అద్దం పైన అతుక్కునింది, ఆ జనంలో లెన్స్ తీసి వేలు పెట్టే వీలు యాడిది, ఊరికే నిలబడి చూసి ఇంటికొచ్చేసినా.

మర్నాడు గోవిందరాజస్వామి గుడి దగ్గర వాచీలు బాగుచేసే ఒక పెద్దాయనకి చూపిస్తే భూతద్దం పెట్టి రెండు నిమిషాల్లో కనిపెట్టినాడు. అద్దం పైకి పోయి తగిలే చోట ఒక సన్న స్పాంజి పట్టీ ఉంటాది కదా, అది ఏండ్లు గడిచి కరిగి ముదురు బెల్లం పాకం మాదిరి అయిపోయింది, ఎండకి ఇంకా జిగురు. పాత కెమెరాల్లో ఏ కంపెనీదైనా ఇది మామూలే అంట. అగ్గిపుల్లతో గీకి, ఇయర్‌బడ్‌కి స్పిరిట్ అద్ది తుడిచి, కొత్త స్పాంజి ముక్క కోసి అంటించినాడు. టీ తాగిన టైమ్ కూడా కలుపుకుంటే గంట, తీసుకున్నది 150. ఆ తర్వాత రెండు రోల్స్, 72 ఫొటోలు తీసినా, ఒక్కసారి కూడా అతుక్కోలా.

ఇంకొకటి, మీ దగ్గర్నుంచి వచ్చినాక అద్దం మీద సన్న గీతలు కనపడతా ఉండాయి. ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటాది, కెమెరా అద్దానికి ముందే ఉంటాది, గుడ్డ పెట్టి రుద్దితే గీతలు పడకుండా ఉంటాయా? ఫొటోలో అవి రావు, నిజమే, ఫిలిం మీద వెలుగు పడేటప్పుడు అద్దం పైనే ఉంటాది. అయినా నాయన ఇన్నేండ్లు ఆ అద్దాన్ని చెయ్యి తగలనీకుండా వాడినాడు, బ్లోయర్‌తో గాలి కొట్టేవాడు అంతే.

స్ప్రింగ్, సర్క్యూట్ పేరుతో తీసుకున్న 2,800 వాపసు ఇవ్వండి. లేదు, స్ప్రింగ్ నిజంగానే మార్చినాం అంటారా, తీసిన పాత స్ప్రింగ్ పంపించండి. 15 రోజుల్లో జవాబు రాకుంటే 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ కంప్లైంట్ పెడతా, బిల్లు, స్టిక్కర్ ఫొటోలు రెండూ నా దగ్గర ఉండాయి. డబ్బులు నేను కట్టిన అకౌంట్‌కే వేయండి. మళ్ళీ ఒకసారి చూస్తాం, కెమెరా పంపండి అని మాత్రం అడగొద్దు సార్.

ఇట్లు,
మీ కస్టమర్, తిరుపతి