మబ్బు పట్టిందని పోటీ ఆపితే తప్పేంటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో ఒకాయన రాసిన ఉత్తరం చదివానండి. హ్యాంగ్ గ్లైడింగ్ పోటీల్లో మబ్బు పట్టిందని సగం మంది ఎగరకుండా కూర్చున్నారంట, అదేం సాహసం, అలాంటోళ్ళకి ప్రైజులెందుకు అని ఆయన బాధ. అందులోనే మన కోనసీమలో కూడా ఇలాంటివి పెడితే టూరిస్టులు వస్తారని రాశారు. పెట్టొచ్చండి, నేనూ వెళ్ళి చూస్తా. కానీ మబ్బులోకి పోనివాడు పిరికివాడు అనే లెక్కతో పెడితే మాత్రం కుర్రాళ్ళ ప్రాణాలు పోతాయి.

మా మేనల్లుడు ఆస్ట్రేలియాలో ఉంటాడు, వాడు ఈ హ్యాంగ్ గ్లైడర్ల మీద ఎగురుతాడు (ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో వాళ్ళమ్మకి ఇప్పటికీ అర్థం కాదు). వాడు చెప్పగా తెలిసిందే రాస్తున్నా. దీనికి ఇంజనుండదు. గొట్టాల ఫ్రేము, దానిమీద గుడ్డ రెక్క, అంతా కలిపి 30, 35 కిలోలు, దాని కింద మనిషి బోర్లా వేలాడతాడు. కొండ ఉంటే పరిగెత్తి దూకుతారు, లేకపోతే చిన్న విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేస్తది, అక్కడ ఫోర్బ్స్ అనే ఊళ్ళో పోటీలు ఇలాగే జరుగుతాయి, మన బల్లపరుపు నేలకీ అదే దారి. ఇక ఆ తర్వాత వేడిగాలి పైకి లేచే చోటు వెతుక్కుని గుండ్రంగా తిరుగుతూ ఎత్తు ఎక్కడం, ముందుకి జారడం, మళ్ళీ ఇంకోచోట ఎక్కడం. చిక్కు ఎక్కడంటే, కారుమబ్బు కింద ఆ గాలి అడక్కుండానే దొరుకుద్ది, భలే ఎక్కేస్తున్నాం అనిపిస్తది, కాసేపాగి దిగుదామంటే దిగనివ్వదు.

2007 ఫిబ్రవరి 14న అదే ఆస్ట్రేలియాలో మనిల్లా దగ్గర జరిగింది చూడండి. ఎవా విష్నియెర్‌స్కా అని జర్మనీ టీము పైలట్, కొత్తావిడేం కాదు, ఆవిడది పారాగ్లైడర్, అంటే గొట్టాల ఫ్రేము లేకుండా పారాచూట్‌లా ఉండే గుడ్డ రెక్క, రెక్క వేరైనా ఎగిరే సూత్రం ఒకటే. ఉరుముల మబ్బు ఆవిడని లాగేసుకుని 9,946 మీటర్ల దాకా తీసుకెళ్ళిపోయింది, ఎవరెస్టు కన్నా కిలోమీటరు పైన! వడగళ్ళు, ఒళ్ళంతా మంచు, గాలి చాలక స్పృహ పోయింది, అరగంట పైగా ఆ గ్లైడర్ దానంతటదే తిరిగింది, తర్వాత మెలకువొచ్చి ఎగిరిన చోటికి 60 కిలోమీటర్ల అవతల దిగింది. బతకడం ఆవిడ అదృష్టం. అదే ఉరుముల మబ్బులో చైనా పైలట్ హె ఝోంగ్‌పిన్ చనిపోయాడు. అక్కడ జరగాల్సిన ప్రపంచ పారాగ్లైడింగ్ పోటీలు అప్పటికి మొదలే అవలేదు, అది ప్రాక్టీసు ఎగరడం, ఒక్క మార్కు కూడా లేదు దానికి. మరి మార్కులుంటే ఎంత తెగిస్తారో మీరే ఆలోచించండి.

అందుకే ఈ గ్లైడింగ్ పోటీల రూల్సులో కొన్ని నాకు చాలా నచ్చాయి. మబ్బులో దూరడం నిషేధం. గాల్లో ఉన్నవాళ్ళే రేడియోలో లెవెల్ 1, 2, 3 అని చెబుతుంటారు, 3 అంటే ఇక ప్రమాదం అని, అది వినపడితే నిర్వాహకులు చూసి ఆరోజు పోటీ ఆపొచ్చు. ఆపినప్పుడు మార్కులు ఆ నిమిషానికి వెయ్యరు, కొన్ని నిమిషాలు వెనక్కెళ్ళి అప్పటికి ఎవరెక్కడున్నారో జీపీఎస్‌లో చూసి వేస్తారు, అంటే చివర్లో మబ్బు కిందకి దూసుకెళ్ళినోడికి లాభం లేదు. ఇంకోటి ఏంటంటే, ఎగరం అని కింద ఉండిపోయినవాళ్ళు ఎక్కువైతే ఆరోజు మొత్తం మార్కుల విలువే తగ్గిపోద్ది. ఆ ఉత్తరం రాసినాయన "కూర్చున్నారు" అన్నారే, ఆ కూర్చోడం కూడా రూల్లో లెక్కలోకొచ్చే పనే.

ఇక మన దగ్గర సంగతి. దాళ్వా కోతలయ్యాక చేలు ఖాళీ, దిగడానికి చోటుంటుంది కదా అని ఏప్రిల్, మేలలో పెడదామంటారు, సరిగ్గా అప్పుడే సాయంత్రాలు ఈదురుగాలి కొట్టేది. చినుకు పడకముందే పది పదిహేను కిలోమీటర్ల ముందుగా గాలి వచ్చేస్తది, రేకులు లేచిపోవడం మనకి కొత్తా? ఆ గాలికి ఈ గుడ్డ రెక్క దిగడానికి ఎదురు నిలబడలేదు, వెనక్కి తోసేస్తది లేదా తిరగేసేస్తది. పోనీ ఎక్కడ దిగుతాడు, కొబ్బరి తోటలోనా, కరెంటు తీగల మీదా, రొయ్యల చెరువులోనా. నీళ్ళలో పడితే మరీ ఘోరం, రెక్క మునుగుద్ది, ఒంటికి బెల్టులు బిగించి ఉంటాయి, ఈతొచ్చినా విప్పుకునే లోపు అయిపోద్ది. మన తడినేలల మీద వేడిగాలి కూడా అంత బలంగా లేవదు, అందుకని పైలట్లు ఇంకా మబ్బుల వెనకే పడతారు. సంక్రాంతికి పెడదామంటే పొద్దున పూట మంచు, ఎదురుగా ఉన్న గట్టు కనపడదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిందా లేదా, గోదావరి వరద మీదుందని తెలిసీ కదా వెళ్ళింది. టికెట్లు కొన్నారు, జనం ఎక్కారు, ఇంకెవరు ఆపుతారు. రేపు ఇక్కడా బ్యానర్లు కట్టేసి, మంత్రిగారి టైము ఇచ్చేసి, డ్రోను కెమెరాలు తెచ్చేశాక ఆగుదాం అనేవాడు దొరకడు. అందుకని ఆపే మనిషెవరో ముందే కాయితం మీద రాయాలి, ఆయనకి స్పాన్సర్లతో గానీ ప్రైజుతో గానీ సంబంధం ఉండకూడదు, మబ్బులెక్కడున్నాయో చూపించే మచిలీపట్నం వాతావరణ రాడార్ బొమ్మ ఆయన ముందుండాలి, ఆయన వద్దంటే కలెక్టరు గారు ఫోన్ చేసినా వద్దే. కాలవల దగ్గర పడవలు, ఈతగాళ్ళు ఉండాలి. ఈ ఖర్చు పెట్టలేమంటే గాలిపటాల పండగ పెట్టుకోండి, పిల్లలు సంతోషిస్తారు.

మీకూ ఒక మాటండీ. ఇలాంటి పోటీ ఎక్కడ ఆగినా "నిరాశలో ప్రేక్షకులు" అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు. ఆపినాయన్ని అడిగి, ఆ టైముకి గాలి ఎంతుంది, మబ్బు ఎటునుంచి వస్తోంది అని రెండు లైన్లు వెయ్యమని మీ రిపోర్టర్లకి చెప్పండి.

ఇట్లు,
ఓ పాఠకుడు,
అమలాపురం దగ్గర్నుంచి