జాతరల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు ఉన్నదా లేదా ఎవరు చూడాలె?

ఎడిటర్ గారికి నమస్తే,

నేను నల్లగొండ దగ్గర ఒక ఊర్లె అంగన్‌వాడీ టీచర్‌ను. మన దగ్గర అంగళ్లల్ల, జాతరలల్ల, కిరాణా దుకాణాలల్ల చిన్నపిల్లలకు అమ్మే బొమ్మల గురించి రాస్తున్న. లెటర్ కొంచెం పొడుగైతది, ఏమనుకోవద్దు.

బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పకుండ ఉండాలని కేంద్రం 2020ల ఆర్డర్ తెచ్చింది, 2021 జనవరి 1 నుంచి అది అమల్ల ఉన్నది. 14 ఏండ్ల లోపు పిల్లలు ఆడుకునే ఏ బొమ్మకైనా మార్కు లేకపోతే తయారు చేసుడు, బయటి దేశం నుంచి తెచ్చుడు, అమ్ముడు, ఆఖరికి అమ్మేటందుకు గోదాంల పెట్టుకునుడు కూడా తప్పే. మామూలు బొమ్మకు మార్కు మీద ఐఎస్ 9873 అని, బ్యాటరీతోని నడిచే బొమ్మకు ఐఎస్ 15644 అని ఉంటది, కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటది. రిజిస్టర్ చేసుకున్న చేతివృత్తులోళ్లకు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉన్నది, అంటే మన నిర్మల్ కొయ్యబొమ్మ చేసేటాయనకు ఇబ్బంది లేదు, అది మంచిదే. కాని అంగట్ల ఇరవై రూపాయలకు అమ్మే ప్లాస్టిక్ బొమ్మకు ఏ మినహాయింపు లేదు గదా.

మరి మాఘమాసంల చెరువుగట్టు జాతరకు పోయి చూడండ్రి, కార్తీకంల కురుమూర్తికి పోండ్రి, రెండేండ్లకోసారి వచ్చే పెద్దగట్టుకు పోండ్రి. వెలిగే ఉంగరాలు, లైట్ల కొమ్ములు, పాటలు పాడే ఫోన్ బొమ్మలు, కవర్‌ల కట్టి తాడుకు వేలాడదీస్తరు, చాలావాటి మీద మార్కు కాదు గదా చేసిన కంపెనీ పేరు కూడా ఉండదు. మూడేండ్ల లోపు పిల్లల బొమ్మల ఏ ముక్కైనా ఊడొస్తే అది 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక చిన్న గొట్టంల పట్టకూడదని రూల్, ఎందుకంటే అందుల పట్టేది పిల్లల గొంతుల కూడా పడతది. ఈ బొమ్మల చక్రాలు, కండ్లు, ఊదే పీకలు ఒక్క గుంజు గుంజితే చేతులకొస్తున్నయి.

అన్నిటికన్న నాకు భయమైతున్నది గుండీ సెల్లు. వాచీలల్ల వేస్తరు చూడండ్రి, ఆ గుండ్రటి సెల్లు. ఇప్పుడు అది లేని వస్తువే లేదు, బొమ్మలల్ల, చిన్న రిమోట్లల్ల, దీపావళికి కొనే బ్యాటరీ దీపాలల్ల అన్నిట్ల అదే. బొమ్మకైతే ఆ సెల్లు డబ్బా స్క్రూ ఇప్పితే తప్ప రావొద్దు, కాని ఈ చౌక సరుకుల గోరుతోని లేపితే మూత ఊడుతది. పిల్లగాడు రూపాయి బిళ్ళ మింగితే చాలాసార్లు అదే బయటికి పోతది, గుండీ సెల్లు అట్ల కాదు. గొంతుల ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు పారి, క్షారం అనే ఘాటు రసాయనం పుట్టి లోపలి కండను కాలుస్తది, రెండు గంటలల్లనే అన్ననాళం బాగా కాలిపోవచ్చు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లు, 2032 అని రాసి ఉంటది, అదైతే ఇంకా డేంజర్, బొమ్మ వెలగకుంట అయినంక పారేసిన సెల్లుల కూడా అంత పవర్ మిగిలే ఉంటది. పైకేమో సొంగ కార్చుడు, దగ్గు, అన్నం తినకపోవుడు, వాంతి, అంతే, చూసినోళ్లు జలుబనుకుంటరు.

ఇగ మన దూరాలు లెక్కేయండ్రి. దేవరకొండ అవతలి తండాల నుంచో, అచ్చంపేట మీది ఊర్ల నుంచో బయలుదేరితే ముందు దగ్గర్ల ఉన్న దవాఖాన, అక్కడ ఎక్స్‌రే, ఆడికెళ్ళి జిల్లా దవాఖాన, ఆఖరికి హైదరాబాద్ నీలోఫర్ పిల్లల దవాఖాన. దారిలనే రెండు గంటలు దాటిపోతయి. ఎంత మంచి డాక్టరున్నా అప్పటికే కాలిందేదో కాలిపోయి ఉంటది. అందుకే మన అసొంటి జిల్లాలకు ఆ సెల్లు ఇంట్లకు రాకముందే ఆపుడు ఒక్కటే దారి.

ఈ లెటర్ చదివే తల్లిదండ్రులకు ఒక మాట, సెల్లు మింగిండని అనుమానమొస్తే కక్కించొద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న దవాఖానకు పోవాలె. పిల్లకు ఏడాది దాటి ఉండి, మింగి ఎక్కువసేపు కాకపోయి, మింగగలిగితే దారిల పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె పెట్టొచ్చు, తేనె వెతుక్కుంట ఆగొద్దు, ఏడాది లోపు పిల్లకు అస్సలు పెట్టొద్దు. ముక్కులనో చెవులనో పెట్టుకున్నా గంటలల్లనే లోపల కాలుతది, అది కూడా అర్జెంటే. ఢిల్లీ ఎయిమ్స్ పాయిజన్ సెంటర్ నంబర్ 1800 116 117, రాత్రి పగలు పనిచేస్తది, ఫోన్‌ల సేవ్ చేసుకోండ్రి.

ఏదన్న జరిగిందంటే మన దగ్గర ముందు అనేమాట ఒక్కటే, తల్లికి సోయి లేదా అని. ఆ మాట ఇంటే నాకు కడుపు మండుతది. ఆ తల్లి పొద్దున్నే పత్తి ఏరబోయి పొద్దుమీకి వచ్చి పొయ్యి ముట్టిస్తది, పిల్లను అవ్వ చూసుకుంటది, అవ్వకు కండ్లు సరిగ కనపడవు. వాళ్లు బొమ్మ ఇప్పి సెల్లు సైజు కొలవాలెనా? అమ్మకూడని వస్తువు అమ్మినోళ్లను, అమ్మనిచ్చినోళ్లను ఎవ్వరు అడగరు. గట్లనే ఫినాయిల్, బాత్రూం యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాలల్ల పోసి వీధులల్ల అమ్ముతున్నరు, పిల్లగాడు ఆ సీసా చూసి తియ్యటిదనుకోకుంట ఏమనుకుంటడు? నడక బండి, అదే వాకర్, కెనడాల 2004లనే అమ్మకాలు బంద్ పెట్టిండ్రు, మనమేమో మేనమామ కట్నంగ పెడుతున్నం, గడపలు, మెట్లు, కింద పొయ్యి ఉన్న ఇండ్లల్ల.

తనిఖీలు జరుగుతనే లేవని నేను అనట్లేదు. 2023 జనవరిల ఐఎస్ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ వాళ్లు దేశంల పెద్ద పెద్ద షాపులల్ల, ఎయిర్‌పోర్టులల్ల, మాల్స్‌ల దాడులు చేసి 18,600 బొమ్మలు సీజ్ చేసిండ్రు. మంచి పని. కాని మా ఊరి పిల్లలు ఎయిర్‌పోర్ట్‌ల బొమ్మలు కొంటరా? అట్లని జాతరల గంప పెట్టుకున్న ఆమె మీద పడి సరుకు గుంజుకోమని కూడా నేను చెప్తలేను, ఆమె బతుకే అంతంత మాత్రం, అప్పు చేసి తెచ్చిన సరుకది. ఆ సరుకు బేగంబజార్ అసొంటి హోల్‌సేల్ గల్లీలల్లకెళ్ళి లారీలల్ల, బస్సులల్ల జిల్లాలకొస్తది, పట్టుకుంటే అక్కడ పట్టుకోవాలె, గోదాంల పట్టుకోవాలె.

పోయినేడు, 2025 అక్టోబర్‌ల, మధ్యప్రదేశ్ ఛింద్వాడల దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయినప్పుడు, అందుల డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నదని తేలంగనే మన రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లు బ్యాచ్ నంబర్‌తోని సహా వాడొద్దని ప్రకటన ఇచ్చిండ్రు. ఆ కబురు ఊర్లదాకా వచ్చింది, తల్లులు ఇంట్ల సీసాలు తీసి చూసుకున్నరు. మందుకు చేయొచ్చినప్పుడు బొమ్మకు ఎందుకు చేయరాదు?

కలెక్టర్లకు, బీఐఎస్ హైదరాబాద్ ఆఫీసుకు నేను అడిగేది ఇది. జాతర దుకాణాలకు జాగ వేలం పెట్టేటప్పుడే మార్కు లేని బ్యాటరీ బొమ్మ అమ్మొద్దని షరతు రాయండ్రి. జాతరకు నెల ముందే హోల్‌సేల్ దుకాణాలు తనిఖీ చేసి, ఏ బొమ్మ ఫెయిలైందో ఫొటోతోని తెలుగుల జిల్లా పేపర్లకు ఇవ్వండ్రి. అంగన్‌వాడీలల్ల నెలనెలా తల్లుల మీటింగ్ ఉంటది, బీఐఎస్ కేర్ యాప్‌ల లైసెన్స్ నంబర్ కొట్టి ఎట్ల చూడాలెనో మాకు ఒక్కపూట ట్రైనింగ్ ఇస్తే మేం చెప్తం, మార్కు లేని బొమ్మ అమ్మితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఎట్ల కంప్లైంట్ చేయాలెనో కూడా చెప్తం. మా సెంటర్లకు కొనిచ్చే ఆట సామాన్లకు కూడా ఇదే రూల్ పెట్టి, బిల్లుతోని పాటు ఆ నంబర్ రాసి పంపండ్రి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
నల్లగొండ జిల్లా