ప్రాజెక్టులకు రివర్స్ ప్రాక్సీ తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

మా డిప్లొమా విద్యార్థులు చివరి ఏడాది చేసే వెబ్ ప్రాజెక్టులు ల్యాబు దాటి జనం వాడకంలోకి వస్తున్నాయి. హాస్టలు హాజరు, రక్తదాతల జాబితా, ఊరి గ్రంథాలయ పుస్తకాల పట్టిక. సంతోషమే. కానీ చాలావాటి చిరునామా చూస్తే భయం వేస్తుంది: పేరుకు బదులు అంకెలు, చివర కోలన్ పెట్టి 5000 అనే పోర్టు (సర్వరులోకి వెళ్లే ద్వారం) సంఖ్య. ‘సురక్షితం కాదు’ అని బ్రౌజరు చెబుతున్నా రక్తదాత అక్కడే తన ఫోను నంబరు, ఇంటి చిరునామా నింపుతాడు. ఆ వివరాలు దారిలో ఎవరైనా చదవగలిగే రూపంలోనే ప్రయాణిస్తాయి.

పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాయడానికి పిల్లలు వాడే ఫ్లాస్కుతో వచ్చే సర్వరు, ప్రోగ్రాము రాసుకునేటప్పుడు పరీక్షించుకోవడానికి మాత్రమే. ఆ హెచ్చరిక మొదలుపెట్టగానే తెరమీద పడుతుంది. మామూలుగా అది 127.0.0.1 మీద, అంటే ఆ కంప్యూటరుకే అందేలా నడుస్తుంది. బయటివారికి కనిపించాలని పిల్లలు దాన్ని 0.0.0.0 చేస్తారు. తప్పులు వెతకడానికి పెట్టుకున్న డీబగ్ కూడా అలాగే వదిలేస్తే, తప్పు చూపించే పేజీలోంచే పైథాన్ ఆదేశాలు నడపవచ్చు. అడ్డుగా ఉండేది ఒక్క పిన్.

దీనికి విరుగుడు రివర్స్ ప్రాక్సీ. అది అప్లికేషను ముందు నిలబడి, బయటి నుంచి వచ్చినదాన్ని తాను అందుకొని లోపలి అప్లికేషనుకు చేరవేస్తుంది. ఎన్‌జిన్ఎక్స్ అనే రివర్స్ ప్రాక్సీ 2004 నుంచీ ఉంది. దాని కాన్ఫిగరేషన్ ఫైలు చూసి కొత్తవారు బెదురుతారు. వారికి నేను అదే పని చేసే క్యాడీ చూపిస్తాను. ఉచితం, ఓపెన్ సోర్స్. టెర్మినల్లో ఒక్క వరుస చాలు: ‘క్యాడీ రివర్స్-ప్రాక్సీ’ ఆదేశం, ‘ఫ్రమ్’ దగ్గర డొమైన్ పేరు, ‘టు’ దగ్గర ఆ కంప్యూటరునే సూచించే లోకల్‌హోస్ట్ 5000. డొమైన్ ఆ సర్వరుకు ముడిపడి, 80, 443 పోర్టులు తెరిచి ఉంటే వివరాలు గుప్తంగా ప్రయాణించడానికి కావలసిన సర్టిఫికెట్ క్యాడీయే తెచ్చుకుంటుంది, గడువుకు ముందే కొత్తది తీసుకుంటుంది. అప్లికేషను మళ్లీ 127.0.0.1 మీదే ఉండవచ్చు, ఫ్లాస్కు సర్వరు స్థానంలో, జనం వాడకానికి తగిన సర్వరైన గ్యూనికార్న్‌తో. టెర్మినల్ మూస్తే ప్రాక్సీ ఆగిపోతుంది కనుక, ఎప్పుడూ నడవవలసినవాటికి అదే సంగతి క్యాడీఫైల్ అనే దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి సర్వీసుగా (వెనక ఎప్పుడూ నడిచేలా) పెట్టాలి.

దీనితో కోడులోని లోపాలు పోవు. పాస్‌వర్డు సరిచూడని పేజీ ప్రాక్సీ వెనక కూడా అలాగే ఉంటుంది. పైగా ఇకమీదట అందరూ 127.0.0.1 నుంచే వచ్చినట్టు అప్లికేషనుకు కనిపిస్తారు. అసలు చిరునామా, ప్రాక్సీ చేరవేసే అభ్యర్థనకు జతచేసే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడరులో ఉంటుంది. ఎవరు ఎక్కడినుంచి హాజరు వేశారో నమోదు చేసే ప్రాజెక్టుకు ఇది ప్రాణం.

మూల్యాంకనానికి వచ్చే పరీక్షకులు చిరునామాలో పోర్టు సంఖ్య కనిపిస్తే అక్కడే ఆపి కారణం అడగాలి. సాంకేతిక విద్యాశాఖ ఈ అంశాన్ని ప్రాజెక్టు నిబంధనల్లో చేర్చి, ల్యాబులో ఒక పూట కేటాయించాలని కోరుతున్నాను. డొమైన్ కొనుక్కోలేని పిల్లలకు కళాశాల తన డొమైన్ కిందే ఉపడొమైన్ ఇవ్వవచ్చు. దానికి విడిగా ఖర్చు లేదు.

— కంప్యూటర్ అధ్యాపకురాలు, కాకినాడ