పాయింట్లు కాదు, పని నేర్పించండి: ఆరోగ్య మంత్రి గారికి ఒక దంత వైద్యుడి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కనిగిరి, పొదిలి వైపు దంత వైద్యం చేసుకుంటున్నవాణ్ని. సొంత క్లినిక్కే, ప్రభుత్వ ఉద్యోగిని కాను. అయినా మా ప్రాంతంలో ప్రభుత్వ దంత వైద్యులు, మేము చూసేది ఒకే జనాన్ని. పొద్దున ఆసుపత్రి ఓపీ చీటీతో వెళ్లినవాళ్లే సాయంత్రం మా దగ్గరికి వస్తారు. అందుకే ఈ లేఖలో వాళ్ల గురించీ మా గురించీ కలిపే రాస్తున్నాను. కొత్త కుర్చీలు, కొత్త భవనాలు అడగడం లేదు. బీడీఎస్ పట్టా చేతికొచ్చిన తర్వాత మాకు ఎవరు, ఏమి, ఎలా నేర్పిస్తున్నారన్నది ఒక్కసారి తమరు చూడాలని నా మనవి.

బీడీఎస్ నాలుగేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఆ చదువుతోనే మిగిలిన జీవితమంతా నెట్టుకురావడం ఏ వైద్యుడికీ కుదరదు. ఈ సంగతి గుర్తించే డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2007లో నిరంతర దంత విద్య నిబంధనలు తెచ్చింది. ఐదేళ్ల వ్యవధిలో ఇన్ని పాయింట్లు సంపాదించాలి, ఆ లెక్క రాష్ట్ర దంత వైద్య మండలికి చూపించాలి. ఆలోచన మంచిదే. ఆచరణలో మిగిలింది మాత్రం పాయింట్ల లెక్కే.

ఆ పాయింట్లు ఎలా వస్తాయో తమరికి ఎవరూ చెప్పి ఉండరు. ఆదివారం ఒంగోలులోనో విజయవాడలోనో ఒక హోటల్ హాలు. గుమ్మం దగ్గరే ఇంప్లాంట్ల కంపెనీ బల్ల ఒకటి, స్కానర్ కంపెనీ బల్ల ఇంకొకటి. లోపల వక్త గారు విషయం బాగా తెలిసినవారే, తెరమీద తాను చేసిన కేసులు చూపిస్తారు. మేము ఫోన్లతో ఆ తెరను ఫోటోలు తీసుకుంటాం. భోజనాలయ్యాక సగం కుర్చీలు ఖాళీ అవుతాయి, సాయంత్రం ధ్రువపత్రం మాత్రం అందరికీ ఒకటే. కోవిడ్ కాలంలో ఇది ఇంకా సులువైపోయింది. వెబినార్ తెరిచి పెట్టి, పక్క గదిలో పేషెంటును చూసుకున్నా పాయింటు పడింది. ఆ వక్తలను తప్పు పట్టడం లేదు. కానీ మా పని చేతులతో చేసేది. ఈత గురించి ఎంత గొప్ప ఉపన్యాసం విన్నా చెరువులో దిగందే ఈత రాదు.

కంపెనీ ఖర్చు పెట్టుకున్న సదస్సులో కంపెనీ అమ్మే వస్తువు గురించే మాట్లాడతారు, ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నోట్లో తిప్పితే పళ్ల ఆకారం తెరమీద కనిపించే స్కానర్ నిజంగా గొప్ప వస్తువు. అల్జినేట్ ముద్దతో అచ్చు తీసేటప్పుడు పేషెంటు పడే వాంతి బాధ ఉండదు. డబ్బుంటే నేనూ కొంటాను. కాకపోతే మా మండలాల్లో పన్ను నొప్పితో వచ్చే కూలీ మనిషికి ఆ స్కానర్‌తో తీరే అవసరం చాలా తక్కువ. అతనికి కావలసిన ఆధునిక వైద్యం వేరే ఉంది. దాన్ని నేర్పడానికి ఏ కంపెనీ బల్లా వేయదు, ఎందుకంటే అందులో లాభం లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పుచ్చిన పాల పళ్లకు రాసే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. కరెంటు అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు, మత్తు సూది అంతకన్నా అక్కర్లేదు. పెదవులకు వాజిలైన్ రాసి, పన్నును దూదితో ఆరబెట్టి, చిన్న బ్రష్షుతో ఒక చుక్క అద్ది నిమిషంసేపు ఆగితే చాలు. చాలా పళ్లలో పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. కొన్ని నెలలకు మళ్లీ చూసి, అవసరమైతే ఇంకోసారి రాయాలి. మూడేళ్ల పిల్లాణ్ని నలుగురు పట్టుకుని, వాడు ఏడుస్తుంటే డ్రిల్లు పెట్టే అవస్థ తప్పుతుంది. అంగన్‌వాడీలోనే చేయదగ్గ పని ఇది.

మరి ఎందుకు చేయడం లేదు? రాసే పద్ధతి కష్టమై కాదు. మందు పడిన చోట పుచ్చు బొగ్గులా నల్లబడుతుంది. ముందే చెప్పకపోతే మర్నాడు ఆ తల్లి గుమ్మంలో నిలబడి "బిడ్డ పన్ను మాడ్చేశారు" అంటుంది, ఆమె తప్పేమీ లేదు. ఏ పన్నుకు రాయాలి, రాత్రుళ్లు నొప్పి ఉన్న పన్నుకూ చిగురు వాచిన పన్నుకూ ఎందుకు రాయకూడదు, నలుపు గురించి తల్లికి ఎలా చెప్పి ఒప్పించాలి, ఇష్టపడకపోతే బదులుగా ఏం చేయాలి, తర్వాత పైన గుంట పూడ్చే గ్లాస్ అయనోమర్ సిమెంటు ఎప్పుడు పెట్టాలి, ఇదంతా ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. ఒక్క పూట చాలు. ఆ ఒక్క పూట ఇచ్చేవారే లేరు.

ఇక మా ప్రాంతం సొంత కష్టానికి వస్తాను. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి తొలి నివేదిక 1937లో ఇక్కడి నుంచే వెళ్లింది. అప్పట్లో ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. తొంభై ఏళ్లు కావస్తోంది. మంచినీటి పథకాలు తమ శాఖవి కావు, వాటి జోలికి పోను. కానీ గోధుమరంగు మచ్చల పళ్లతో పెళ్లి చూపుల ముందు మా దగ్గరికి వచ్చే అమ్మాయిల గతి చూడండి. చాలా చోట్ల చేసేది ఒక్కటే: ముందు పళ్లు అరగదీసి క్యాపులు పెట్టడం. గట్టి పన్ను, నొప్పి లేని పన్ను, మచ్చ ఒక్కటే దోషం. దాన్ని చుట్టూ చెక్కేస్తారు. చిన్న వయసులో పంటి లోపలి నరం గది పెద్దదిగా ఉంటుంది, అంత లోతుకు చెక్కితే నరం దెబ్బతిని కొన్నేళ్లకు రూట్ కెనాల్ దాకా వస్తుంది. పెళ్లికని పెట్టించుకున్న క్యాపు కింద పిల్ల పుట్టేసరికి చీము పడుతుంది.

దీనికి వేరే దారులు ఉన్నాయి. మచ్చ తేలికైతే పై పొరను ఆమ్లం కలిపిన పొడితో కొద్దిగా రుద్ది తీయవచ్చు. బ్లీచింగ్ చేయవచ్చు. మచ్చలోకి పలచటి రెజిన్ ఇంకించవచ్చు. ముదురు మచ్చయితే పంటిని అంతగా చెక్కకుండానే పైన కాంపోజిట్ అనే పంటి రంగు పదార్థంతో పొర వేయవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కాంపోజిట్ అంటుకోవాలంటే ముందు పంటికి కాసేపు ఆమ్లం పెట్టాలి. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్, అంటే పంటి పై పొర, ఆమ్లానికి అంత త్వరగా లొంగదు, మామూలు పళ్లకు పెట్టినంత సేపే పెడితే కాంపోజిట్ పట్టదు, ఆరు నెలలకే ఊడిపోతుంది. ఊడిపోయాక డాక్టరుకూ పేషెంటుకూ కాంపోజిట్ మీదే నమ్మకం పోతుంది, మళ్లీ క్యాపులే గతి. ఎంతసేపు ఎక్కువ పెట్టాలి, ముందు పై పొర ఎంత తీయాలి అన్నది పుస్తకంలో ఒక వాక్యమే, చేతికి మాత్రం పది పళ్ల మీద చేస్తేనే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దంత వైద్యుల శిక్షణకు పాఠ్యాంశాలు రాసేవారు మొట్టమొదట రాయవలసింది ఇదే అని నా గట్టి నమ్మకం. బ్రెజిల్ నుంచి తెచ్చిన చిరునవ్వు డిజైన్ల పాఠం తర్వాత చూసుకోవచ్చు.

రాష్ట్రం ఆ కొసన ఇంకో కథ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిట్లో వచ్చే మార్పులు వైద్య పరిశోధకులకు దశాబ్దాలుగా తెలుసు. ఇప్పుడు రాష్ట్రమంతా గుట్కా, ఖైనీ తోడయ్యాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు నోరు తెరవమంటే రెండు వేళ్లు కూడా పట్టని స్థితిలో వస్తున్నాడు. ఆ నోరు చూసేది మొదట మేమే, క్యాన్సర్ వైద్యుడు కాదు. రెండు వారాలకూ మానని పుండును అనుమానించి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని ప్రతి దంత వైద్యుడూ చదివాడు. చదివినవారిలో ఎంతమంది ఆ ముక్క తీస్తున్నారు? చేయి వణుకుతుంది, రక్తం ఆగకపోతే ఎలా అని భయం, తీసినా ఆ ముక్క వేసిన ఫార్మలిన్ సీసా ఎక్కడికి పంపాలో తెలియదు. "గుంటూరు వెళ్లండి" అని చీటీ రాస్తారు. ఆ మనిషి వెళ్లడు.

రబ్బరు డ్యామ్ అని ఒకటి ఉంది. రూట్ కెనాల్ చేసే పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా నోటికి అడ్డంగా కట్టే పలచటి రబ్బరు షీటు. ఉమ్మి లోపలికి పోదు, లోపల కడిగే ఘాటైన ద్రవం గొంతులో పడదు, చేతిలోని సూది లాంటి ఫైలు జారితే పేషెంటు మింగేయడు. అమెరికాలో ఒక దంత వైద్యుడు దీన్ని 1864లో వాడాడు. మన పట్టణాల్లో చాలామందికి ఇది ఇప్పటికీ ఆధునిక పద్ధతే. దీని సంగతి తేలకముందే యంత్రంతో తిరిగే నికెల్ టైటానియం ఫైళ్లు కొంటున్నాం. అవి చేత్తో చేసే ఫైళ్లకన్నా పని త్వరగా చేస్తాయి, సరిగా వాడకపోతే వేరు లోపలే త్వరగా విరుగుతాయి.

యంత్రాలు ఇచ్చి నేర్పడం మరిచిపోతే ఏమవుతుందో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లారా చూశాను. ఊరి పేరు చెప్పను, అక్కడి డాక్టరు మంచి పనిమంతురాలు. పళ్ల ఎక్స్‌రే వెంటనే కంప్యూటర్‌లో చూపించే ఆర్వీజీ సెన్సర్ వచ్చింది. రెండు తపాలా బిళ్లలంత నల్లటి పలక, దాని వెనక సన్నటి తీగ. కంపెనీ కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అరగంట చూపించి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. వెనక పళ్లకు దాన్ని ఏ కోణంలో పెట్టాలో, వాంతి వచ్చే పేషెంటుకు ఎలా పెట్టాలో, తీగ కొరకకుండా ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. కొంతకాలానికి కంప్యూటర్ మొరాయించింది. సెన్సర్ దాని ప్లాస్టిక్ పెట్టెలోనే బీరువాలోకి చేరింది, పేషెంట్లు ఎక్స్‌రే కోసం బయటికి వెళ్లడం మొదలైంది. ఆడిట్‌లో మాత్రం ఆ ఆసుపత్రికి డిజిటల్ ఎక్స్‌రే ఉన్నట్టే లెక్క.

డ్రిల్లు తిప్పే హ్యాండ్‌పీసుల శుద్ధి గురించీ ఒక మాట. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ పాత రకమైతే, ఆవిరి వాటి బోలు లోపలికి పూర్తిగా వెళ్లదు, గాలిని ముందు లాగేసే రకం కావాలి. ఈ పని రోజూ చేసేది డాక్టరు కాదు, సహాయకురాలు. ఆమెకు ఈ రాష్ట్రంలో ఎవరైనా ఒక్క రోజు శిక్షణ ఇచ్చినట్టు నేను వినలేదు.

పుచ్చిన పళ్లు పూడ్చడానికి వాడే పాదరసం మిశ్రమం, అమాల్గమ్ సంగతి కూడా తమ దృష్టికి రావాలి. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం, భారతదేశం 2018లో ఆమోదించిన మినమాటా ఒప్పందానికి 2022లో చేసిన సవరణ, పదిహేనేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ వైద్యుడు తప్పదనుకుంటే తప్ప దాన్ని వాడవద్దంటోంది. దాన్నే నేర్చుకుని ఏళ్ల తరబడి అదే పెట్టిన తరం ఇంకా ప్రాక్టీసులో ఉంది. తడి నోట్లో అమాల్గమ్ పట్టినంత తేలిగ్గా కాంపోజిట్ పట్టదు. వద్దని చెప్పి ఊరుకోలేం కదా, బదులు ఏమిటో చేతికి నేర్పాలి.

ఇదంతా పెద్ద ఖర్చు అనుకోకండి. విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. విద్యార్థులు సాధన చేసే బొమ్మ తలల ప్రయోగశాలలు ఉన్నాయి, నేర్పగల ఆచార్యులు ఉన్నారు. ఆదివారాలు ఆ గదులకు తాళాలు ఉంటాయి. ఆ తాళాలు తీయించండి. ఒక విడతకు పది, పన్నెండు మంది, అంతకు మించితే మళ్లీ ఉపన్యాసమే అవుతుంది. పీకిన పళ్ల మీద మొదట, పేషెంట్ల మీద ఆచార్యుల సమక్షంలో తర్వాత. చివర్లో ధ్రువపత్రం హాజరుకు కాకుండా చేసి చూపించిన పనికి ఇవ్వాలి. మాలాంటి ప్రైవేటు వాళ్లం ఫీజు కడతాం, కట్టాలి కూడా. ఆ డబ్బుతో ప్రభుత్వ వైద్యుల శిక్షణకు కావలసిన సామాను వస్తుంది. కంపెనీలు సామాను ఇస్తామంటే తీసుకోండి, పాఠం ఏమిటో నిర్ణయించే అధికారం మాత్రం ఇవ్వకండి.

నిబంధనలు కేంద్రానివి, రాష్ట్రం చేయగలిగేదేముందని అధికారులు తమకు చెప్పవచ్చు. దంత వైద్యుల చట్టం 1948 స్థానంలో పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. అందులోనూ రాష్ట్ర స్థాయి మండలి బాధ్యత రాష్ట్రానిదే. ప్రభుత్వ కళాశాలలు రాష్ట్రానివి, ప్రభుత్వ వైద్యుల సెలవులు రాష్ట్రం చేతిలోవి, కొనుగోళ్లు రాష్ట్ర వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థవి. ఢిల్లీ నుంచి ఉత్తరం రావలసిన పని ఇందులో ఒక్కటీ లేదు.

ప్రభుత్వ వైద్యుల విషయంలో ఒక్క జాగ్రత్త. శిక్షణకు వెళ్లిన రోజును విధి నిర్వహణగా లెక్కించి, ప్రయాణ భత్యం ఇచ్చి, ఆ రోజు ఓపీ చూడటానికి పక్క ఆసుపత్రి నుంచి మనిషిని పంపకపోతే ఎవరూ రారు. ఉన్న ఒక్క డాక్టరు వెళ్లిపోతే వరండాలో కూర్చున్న పేషెంట్లకు సమాధానం చెప్పేది సూపరింటెండెంటు, ఆయన అనుమతి ఇవ్వడు. ఇది ఆయన మొండితనం కాదు.

చివరిగా, ఈ ఏడాది దంత పరికరాల కొనుగోలుకు టెండరు పత్రాలు తయారవుతుంటే వాటిలో ఒక షరతు చేర్పించండి: ప్రతి యంత్రంతో పాటు డాక్టరుకూ సహాయకురాలికీ ఆసుపత్రిలోనే కనీసం రెండు రోజుల శిక్షణ, మూడు నెలల తర్వాత మళ్లీ ఒక రోజు, అది పూర్తయిందని ఆ ఇద్దరూ సంతకం చేశాకే చివరి విడత చెల్లింపు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్‌ను, గ్లాస్ అయనోమర్ సిమెంటును ఆసుపత్రుల మందుల జాబితాలో పెట్టించండి. ఫ్లోరోసిస్ శిక్షణ మొదటి విడతను మా కనిగిరి, పొదిలి వైపు వైద్యులతో మొదలుపెడితే, సాధనకు కావలసిన పీకిన పళ్లు మా క్లినిక్కుల నుంచి పంపుతాం. ఇక్కడ వాటికి కొదవ లేదు.

ఇట్లు,
కనిగిరి ప్రాంతపు ఒక దంత వైద్యుడు