సర్వే పిల్లలకు రెండు నిమిషాలివ్వండి

సంపాదకుల వారికి,

ఆదివారం ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గర ఓ తొమ్మిదో తరగతి అమ్మాయి అట్ట పట్టుకుని ‘అంకుల్, స్కూల్ సర్వే’ అంది. ‘వచ్చేటప్పుడు చూద్దాంలేమ్మా’ అన్నాను, అందరిలాగే. తిరిగొచ్చేసరికి ఎండలో అక్కడే ఉంది. గంటలో నలుగురే చెప్పారట. సంచి తెచ్చారా, ఎన్ని కవర్లు తీసుకున్నారు, ఇలాంటివే ప్రశ్నలు. పేరు, ఫోన్ నంబరు అక్కర్లేదు.

120 మైక్రాన్ల (0.12 మిల్లీమీటర్ల) కంటే పలుచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. సిగ్గుపడుతూనే ‘ఐదు’ అన్నాను. నాలా తప్పించుకునేవాళ్లే కవర్లు ఎక్కువ మోస్తారేమో, మరి మా లెక్క రాకపోతే ఆ సర్వేలో ఏం తేలుతుంది? దయచేసి ఆగి జవాబు చెప్పండి.

‘ఆరు అంకుల్, కొత్తిమీరది మర్చిపోయారు’ అని దిద్దుకుంది.

– ఓ పాఠకుడు, విశాఖపట్నం